ప్రార్థనశాల ముందు గుంట

ప్రార్థనశాల, ఏటికి దిగే వీధి.
సోమవారం.

వాననీటి విభాగం అధికారి గారికి వందనాలు.

అయ్యా, మీ గుమ్మం ముందు మోకాలెత్తు పిచ్చిమొక్కలు మొలిస్తే మీరు వాటిని పీకుతారా, పక్కన బోర్డు పాతి కాపలా కాస్తారా? గుండె మీద చెయ్యి వేసుకుని జవాబు చెప్పండి. ఈ మాట ఫోనులోనే అడుగుదామనుకున్నాను. మీ ఆఫీసువాళ్ళు అరగంట సేపు సంగీతం వినిపించి, ఫిర్యాదులు రాతపూర్వకంగానే తీసుకుంటామని చెప్పి పెట్టేశారు. సరే, రాస్తున్నాను. రాతలో నేనెవరికీ తీసిపోను.

ఈ వీధిలో ఇరవై రెండేళ్ళుగా స్కూటర్లు బాగుచేస్తున్నాను. ఆదివారం నా షెడ్డు పక్కనున్న హాల్లో వాక్యం చెబుతాను. ఏ కాలేజీలోనూ వేదాంతం చదవలేదు. బండి ఇచ్చినవాడు తిరిగి వచ్చేలోపు దొరికిన ఖాళీలో చేతులు తుడుచుకుని, గ్రంథం తెరిచి, కూడబలుక్కుంటూ నేర్చుకున్నవాణ్ణి. అందుకే నాకు డొంకతిరుగుడు రాదు.

ఎనిమిది నెలల కిందట మీ మనుషులు వచ్చి మా హాలు ముందు సిటీ బస్సంత పొడుగు గుంట తవ్వారు. లోకంలో ఎక్కడైనా ఆఫీసువాళ్ళు గుంటలు పూడుస్తారు. మీరు చదునైన నేలను గుంట చేశారు. దాని నిండా ఏవేవో గడ్డి దుబ్బులు గుచ్చి, 'ముట్టుకోవద్దు' అని బోర్డు పాతి వెళ్ళిపోయారు. ఇప్పుడవి మోకాళ్ళు దాటాయి. వాన పడితే వీధి నీళ్ళన్నీ అందులోకే దిగుతున్నాయి. అంచు రాళ్ళు మూడు చోట్ల ఊడిపోయాయి, ఏ దొంగ పట్టుకుపోయాడో. మొన్న కొత్తగా వచ్చినాయన ఒకరు, ఇది ప్రార్థనశాలా, పశువుల మేతా అని అడిగాడు.

పొలంలో గురుగులనే కలుపు మొలిచిన కథ మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఆదివారం రండి, చెబుతాను. పదిహేను రోజుల్లో మీరు శుభ్రం చేయించకపోతే మా చేతులు మాకున్నాయి.

ఇట్లు,
సత్యం దాచని
బోధకుడు మరియు స్కూటరు మెకానిక్

తా.క.: చిరునామా దొరక్కపోతే వీధి మొదట్లో 'గంటన్నర గారి షెడ్డు' అని అడగండి, ఎవరైనా చూపిస్తారు. ఆ పేరెందుకొచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. ఏ బండైనా గంటన్నరలో బాగుచేసి ఇస్తానని కాబోలు.

*

వాననీటి విభాగం, నగర కార్యాలయం.
శుక్రవారం.

గౌరవనీయులైన బోధకుడు గారికి నమస్కారం.

మీ ఉత్తరమూ, దాని మీది అయిదు నూనె వేలిముద్రలూ అందాయి. ముందుగా ఒక సవరణ. నేను అయ్యను కాను, అమ్మను. ఆ గుంటలో మొక్కలు నాటించింది నేనే.

అది పాడుపడిన గుంట కాదండీ, వాన గుంట. మీ వీధి ఏటివైపు వాలుగా ఉంది. వాన పడినప్పుడు పైనుంచి మట్టీ, చెత్తా, బండ్ల నూనే, సబ్బునీళ్ళూ కలిసి కాలువలోకి, అక్కణ్ణుంచి తిన్నగా ఏట్లోకి పరుగెడుతున్నాయి. ఆ పరుగెత్తే నీళ్ళు కాసేపు ఆగి కూర్చోవడానికి ఒక చోటు కావాలి. అదే ఈ గుంట. అందులో ఉన్న వట్టివేరు, తుంగ, రెల్లు, గుంటగలగర తాతముత్తాతల నాటి నుంచి మన ఏటి ఒడ్డున పెరిగినవే. వేళ్ళు లోతుకు దింపి మురికిని పట్టి ఉంచుతాయి, నీటిని నేలలోకి దించుతాయి. అక్కడ నీళ్ళు నిలిచాయంటే గుంట తన పని చేస్తోందని అర్థం. పూట తిరక్కముందే ఇంకిపోతాయి. అంచు రాళ్ళు దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. నీళ్ళు లోపలికి రావడానికి మేమే తీశాం.

కాబట్టి దేశవాళీ మొక్కల్ని దయచేసి ముట్టుకోకండి. మధ్యలో పరాయి మొక్కలేవైనా మొలిస్తే మాత్రం వేళ్ళతో సహా పీకేయవచ్చు. మాకు సాయం చేసినవారవుతారు.

ఇట్లు,
మొక్కల పర్యవేక్షకురాలు

తా.క.: మీ పేరు గురించి. ఆ వీధిలో నాకు తెలిసినవాళ్ళు కొందరున్నారు. అది బండ్ల వల్ల వచ్చిన పేరు కాదని వాళ్ళ అభిప్రాయం.

*

ప్రార్థనశాల.
సోమవారం.

అమ్మా, వందనాలు.

పీకమన్నారు, పీకేశాం. ఆఫీసు నుంచి ఇంత త్వరగా అనుమతి రావడం నా జన్మలో చూడలేదు. శనివారం పొద్దున్నే ముప్పై ఒక్కమందిమి దిగాం. వడ్రంగి అన్న రెండు గునపాలు తెచ్చాడు. మూడు గంటల్లో మీ గుంట అద్దంలా తయారైంది.

ఏది మనది, ఏది పరాయిది అని ఒక్క నిమిషం కూడా తికమక పడలేదు. మనవాళ్ళెవరో మొహం చూస్తే తెలియదా? చెయ్యి కోసే కత్తుల్లాంటి ఆకులూ, ముళ్ళపందిలా నిక్కిన దుబ్బులూ మనవెందుకవుతాయి? ఒక్క మొక్క మాత్రం చూడగానే కడుపున పుట్టిన బిడ్డలా అనిపించింది. నాజూకైన చీలికల ఆకు, కొసన చుక్కల్లాంటి తెల్లపూలు. అదొక్కటే వినయంగా ఉంది. దాన్ని ఉంచి తక్కినవన్నీ పీకి చెత్త లారీకెక్కించాం. ఉంచినదానికి రోజూ రెండు బిందెల నీళ్ళు పోస్తున్నాం. ఇట్టే అల్లుకుపోతోంది.

రాళ్ళు మీరే తీశామన్నారు. తీసినవాళ్ళు తిరిగి పెట్టడం మరిచిపోయారేమోనని నేనే సిమెంటుతో పూడ్చేశాను. థాంక్సు అక్కర్లేదు.

నిన్న ప్రసంగం గురుగుల మీదే. చెబుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. మా సంఘంలో ఒక సహోదరి ఉంది. నాలుగైదు నెలలుగా వస్తోంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. గుంట వైపు కిటికీ పక్కన కూర్చుని, నేను నిలబడినప్పటి నుంచి కూర్చునేదాకా చిన్న పుస్తకంలో రాసుకుంటూ ఉంటుంది. నిన్న ఆమె కిటికీలోంచి శుభ్రమైన నేలను చూస్తూ, నా మాటలు వింటూ, చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళ సేవలో నా ప్రసంగానికి కన్నీళ్ళు పెట్టిన మొదటి మనిషి ఆమె. మీ ఆఫీసులో అంత మెత్తని గుండె ఒక్కటుంటే ఈ నగరం బాగుపడును.

ఇట్లు,
మీ పని మీకంటే ముందు ముగించిన
బోధకుడు

తా.క.: శనివారం నుంచి సంఘంలో అందరికీ తుమ్ములు. ఆమెన్ అనాల్సిన చోట తుమ్ముతున్నారు. ఆ పాత గడ్డి దుమ్మే అయుంటుంది.

*

వాననీటి విభాగం.
గురువారం.

బోధకుడు గారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదివే ధైర్యం లేక ఫైల్లో పెట్టేశాను.

మీరు పీకినవి నాలుగు వందల పన్నెండు మొక్కలు. ఏటి పైదాపున ఒడ్డు పట్టుకుని నడిచి, పిలకలు తెచ్చి, రెండేళ్ళు సంచుల్లో పెంచినవి. ఏది ఎలా ఉంటుందో బొమ్మ గీసి పంపకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. మొహం చూసి పోల్చుకుంటారని నాకు తట్టలేదు.

మీరు ఉంచిన వినయవంతురాలి పేరు వయ్యారిభామ. సముద్రాలు దాటి వచ్చిన కలుపు. తన చుట్టూ ఇంకే మొక్కనూ బతకనివ్వదు. దాని పుప్పొడికి తుమ్ములు, దురదలు. సంఘానికి పెద్దలై ఉండి మీరు రోజూ వయ్యారిభామకు బిందెలతో నీళ్ళు పోస్తున్నారని నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో ఒకసారి ఆలోచించండి.

ఇక నవ్వులాట కాని మాట. ఆరు వారాల్లో తనిఖీ కమిటీ వస్తుంది. గుంటలో కనీసం మూడు వందల దేశవాళీ మొక్కలు నిలబడి ఉండాలి, నీరు ఇంకుతోందని నా దగ్గర లెక్క ఉండాలి. రెండూ ఉంటే మీ వీధి పైభాగంలో ఇంకో పదకొండు గుంటలు తవ్వుతారు. లేకపోతే ఈ ఒక్కటీ పూడ్చి, పెద్ద గొట్టం వేసి, వీధి మురికినంతా తిన్నగా ఏట్లోకి వదులుతారు. ఈ ఒక్క గుంటకు పైవాళ్ళను ఒప్పించడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది. ఇంకో నాలుగేళ్ళు ఏరు ఆగదు.

అన్నట్టు ఆ సిమెంటు. గుంటలోకి దారి మూశారు కాబట్టి వాననీళ్ళు ఇంకో పల్లం వెతుక్కుంటాయి. మీ హాలు గడప ఎంత ఎత్తుందో చూసుకోండి.

ఇట్లు,
మొక్కల పర్యవేక్షకురాలు

తా.క.: నాకు గ్రంథజ్ఞానం తక్కువ. అయినా ఆ పొలం కథలో, గురుగులు పీకేస్తామని పనివాళ్ళు ఎగబడితే యజమాని వద్దంటాడు కదా, తొందరలో మంచి పంటను కూడా పీకేస్తారని. నేను తప్పుగా చదివి ఉంటే దిద్దగలరు.

*

ప్రార్థనశాల.
శనివారం.

అమ్మా,

గ్రంథం నాకు నేర్పేదాకా వచ్చారన్నమాట. మీ తా.క. చదివాక రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆ కథ నేను ఇప్పటికి పదిహేడు సార్లు చెప్పాను. యజమాని మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆవేశంలో దాటేసినట్టున్నాను. దాటితే దాటాను, దాన్ని ఒక ఆఫీసు మనిషి పట్టుకోవడం ఏం మర్యాద?

నిన్న మధ్యాహ్నం వాన కురిసింది. హాల్లో చీలమండల దాకా నీళ్ళు. పాటల పుస్తకాలు వరసగా తేలుతూ గుమ్మం దాటాయి. ఓడ కట్టిన పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయనకు ముందే కబురు అందింది, నాకెవరు చెప్పారని అన్నాను. మా ఇంటావిడ మీ ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టింది.

అయినా ఏరు, ఏరు అంటారేమిటి? చచ్చినదానికి వైద్యమా? పదకొండేళ్ళ కిందటి దాకా బాప్తిస్మాలు ఆ ఏట్లోనే ఇచ్చేవాణ్ణి. వీధి చివర రాతిమెట్లు దిగి, నడుం లోతు నీళ్ళలో నిలబడి. ఇప్పుడక్కడ కాలు పెట్టినవాడికి పాపాలు పోవడం మాట దేవుడెరుగు, కొత్త జబ్బులొస్తాయి. అందుకని హాలు వెనక నీలం పీపాలో ఇస్తున్నాను. వడ్రంగి అన్న అందులో ఇరుక్కుపోతే నలుగురం పీపాను పడగొట్టి బయటికి లాగాం. తిరిగి పుట్టడమంటే ఇదేనా అని అడిగాడు పాపం.

మీకు తెలియని సంగతి ఇంకొకటుంది. మా ఇంటావిడ ఇప్పటికీ బాప్తిస్మం తీసుకోలేదు. ఏట్లో అయితే రేపే దిగుతానంటుంది. పీపాలో పెట్టడానికి నేనేమన్నా ఊరగాయనా అంటుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో యాభై మందిని గెలిచి ఇంట్లో ఒక్క మనిషి దగ్గర ఓడిపోయాను. ఆదివారం ఆదివారం ఆమె చివరి వరసలో కూర్చుని నన్ను చూస్తుంటే నా గొంతు ఎందుకు పెరుగుతుందో సంఘానికి తెలియదు.

మరి ఆ ఏటిని చంపిందెవరు? నాకు జవాబు కావాలి. మీ ఆఫీసు కాదా?

ఇట్లు,
తడిసిన బోధకుడు

తా.క.: సిమెంటు నేనే గునపంతో పగలగొట్టేశాను. సంఘంలో ఎవరికీ తెలియకుండా తెల్లారకముందే ముగిద్దామనుకున్నాను. గునపం చప్పుడుకి వీధి వీధంతా లేచి అరుగుల మీద కూర్చుని చూసింది.

*

వాననీటి విభాగం.
బుధవారం.

బోధకుడు గారికి నమస్కారం.

అడిగారు కాబట్టి చెబుతాను. కోపగించుకోకండి.

నిన్న మీ వీధి కాలువ మూతలు ఒక్కొక్కటే ఎత్తించి, ఏటి మెట్ల నుంచి వెనక్కి, పైదాకా నడిచాను. మెట్ల దగ్గర నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలుతోంది. మూత తరవాత మూత, ఆ జిడ్డు వెంటే వచ్చాను. ఒక స్కూటర్ల షెడ్డు వెనక అది ఆగిపోయింది. ఆ పైన లేదు. అక్కడ గోడ పక్కన కాలిన ఇంజనాయిలు ఒంపిన చార ఉంది. గోడ మీద అయిదు వేళ్ళ గుర్తులున్నాయి. వాటిని నేను ఇంతకు ముందు ఉత్తరాల మీద చూశాను.

ఏటిని మీరొక్కరే చంపలేదు. మంగలి రంగునీళ్ళూ, చాకలి సబ్బూ, మా ఆఫీసు నిద్రా అన్నీ ఉన్నాయి. రెండేళ్ళ కిందటి దాకా మా ఇంటి మురుగూ అందులోకే పోయేది. మొదటి రాయి వేసే అర్హత నాకూ లేదు. కాని మీరు బాప్తిస్మాలిచ్చిన ఆ మెట్టు దగ్గరికే ఆ చార దిగుతోందని మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంకా చావలేదండీ ఏరు. మెట్ల కింద రెండు చేపపిల్లలు కనిపించాయి. ఇక మీరు చేయాల్సినవి: కాలిన ఆయిలు డబ్బాల్లో పట్టి ఉంచండి, పాత ఆయిలు కొనేవాళ్ళు వచ్చి తీసుకెళతారు. వయ్యారిభామను గింజ రాలకముందే పీకండి. చేతులకు తొడుగులు, ముక్కుకి గుడ్డ మరవకండి. ఒక మంచి కబురు కూడా ఉంది. చెత్త లారీ డ్రైవరు మీ మొక్కల కుప్పను డంపింగు యార్డు గోడ పక్కన పోశాడు. వట్టివేరు మహా మొండిది. మేం ఏరితే నూట తొంభై దుబ్బులు బతికి ఉన్నాయి. గోనెల్లో పంపిస్తున్నాను. మీ వీధిలో ఎవరి ఇంట్లోనైనా పాత ఏటి మొక్కలుంటే అడిగి తెచ్చి చేర్చండి.

ఇట్లు,
మొక్కల పర్యవేక్షకురాలు

తా.క.: ఎదుటివాడి కంట్లో నలుసూ, మన కంట్లో దూలమూ అని ఒక కథ ఉంది కదా. అది నేను ఎత్తను. మీకే వదిలేస్తున్నాను.

*

ప్రార్థనశాల.
సోమవారం.

తల్లీ, వందనాలు.

దూలం కథ నిన్న చెప్పాను. ఈసారి ఒక్క వాక్యం కూడా దాటలేదు. చివర్లో నా ఆయిలు డబ్బా పైకెత్తి, ఏటిని చంపినవాణ్ణి చూడాలని ఉందా, ఇదిగో చూడండి అన్నాను. ఇన్నేళ్ళుగా నేను ప్రసంగంలో అరిచి లేపలేని తలలన్నీ లేచాయి. తరవాత మంగలి తమ్ముడు లేచి రంగునీళ్ళ సంగతి చెప్పాడు. ఇస్త్రీ అక్క లేచింది. సాక్ష్యాలు వరస కట్టాయి. వడ్రంగి అన్న తన దగ్గర ఏ పాపమూ లేదని తెగ బాధపడి, చివరికి వార్నిషు గుర్తుతెచ్చుకున్నాడు.

మా ఇంటావిడ చివరి వరసలోంచి లేచి ముందు వరసలోకి వచ్చి కూర్చుంది.

వయ్యారిభామను ముక్కుకి గుడ్డ కట్టుకుని పీకేశాం. వీధిలో ఇంటికో దేశవాళీ మొక్క తెమ్మని చెప్పాను. అరవై నాలుగు వచ్చాయి. ఒక పెద్దావిడ ప్లాస్టిక్ పూలచెట్టు తెచ్చింది. ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లోనే ఉందయ్యా, ఇంతకంటే మనదేముంటుంది అంది. నేను ప్రతి మొక్కనూ నీ సొంత ఊరేదని నిలదీస్తుంటే మా కిటికీ పక్క సహోదరి వచ్చి, మాటా పలుకూ లేకుండా పన్నెండు మొక్కలు ఏరి పక్కన పెట్టింది. తక్కినవి ఎవరివి వాళ్ళకిచ్చేసింది. మీరు పంపిన దుబ్బుల్ని ఆకు జానెడుకి కత్తిరించి, ఎలా నాటాలో చూపించింది. ఆమె చేతి వాటం చూస్తే మీ ఆఫీసువాళ్ళు సిగ్గుపడాలి. ఏమీ అనుకోనంటే ఒక మాట. మీ ఉద్యోగానికి ఆమె పేరు సిఫారసు చేస్తూ కమిటీకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను.

వచ్చే ఆదివారం ఆమెను ముందుకు పిలిచి ఆ చిన్న పుస్తకం అందరికీ చదివి వినిపించమంటాను. నా ప్రసంగాలు అచ్చు వేయించాలని సంఘంలో గట్టి కోరిక ఉంది. ఆ కోరిక ఉన్నవాళ్ళలో ఇప్పటికి నేనొక్కణ్ణే బయటపడ్డాను.

ఇట్లు,
దూలం తీసుకుంటున్న
బోధకుడు

తా.క.: మీరూ ఒక ఆదివారం రండి. ఇన్ని ఉత్తరాలు రాసుకుని మొహం చూడకపోవడం బాగాలేదు. కిటికీ పక్కన చోటుంది, సహోదరిని కాస్త జరగమంటాను.

*

వాననీటి విభాగం.
శుక్రవారం.

అయ్యగారికి నమస్కారం.

తొందరలో రాస్తున్నాను. కమిటీ మంగళవారం పొద్దున వస్తుంది. గుంటలో ఇప్పుడు రెండు వందల రెండు మొక్కలున్నాయి. తొంభై ఎనిమిది తక్కువ. సోమవారం పొద్దున మీ షెడ్డుకు పిలకలు పంపిస్తాను, కాని నాటడానికి మా దగ్గర మనుషుల్లేరు. ఉన్న ఇద్దరు తోటపనివాళ్ళనూ ఇంకో పనికి లాగేశారు. సోమవారం సాయంత్రం వాన అంటున్నారు. వాన పడేలోపు నాటితే మొక్క నిలబడుతుంది.

ఆ సహోదరిని చదవమనకండి. నలుగురిలో నిలబడి చదవడం అందరికీ అలవాటుండదు.

ఇట్లు,
మొక్కల పర్యవేక్షకురాలు

తా.క.: నిజంగానే చెబుతున్నాను, వద్దు.

*

గంటన్నర గారి షెడ్డు.
సోమవారం పొద్దున.

ఏటికి దిగే వీధిలో ప్రతి గుమ్మానికీ, ముఖ్యంగా నిన్న ప్రార్థనకు రాని గుమ్మాలకూ వందనాలు.

నిన్న మీరేం పోగొట్టుకున్నారో చెబుతాను. పొద్దున జోరుగా వాన పడి, నేను నిలబడే వేళకు ఆగింది. ప్రసంగం ముగింపుకొచ్చే ముందు, వద్దని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చినా వినకుండా, కిటికీ పక్క సహోదరిని ముందుకు పిలిచాను. ఆమె రానంది. నేను వదల్లేదు. గురుగులు పీకినవాణ్ణి, నాకు వద్దన్న మాట ఎప్పుడు చెవికెక్కింది గనక. చివరికి లేచింది. నా ఆణిముత్యాలు వినడానికి నేను కళ్ళు మూసుకున్నాను.

ఆమె చదివింది. 'మార్చి రెండో ఆదివారం. అయ్యగారు లేచినప్పుడు ఎనిమిది అంగుళాలు. కూర్చున్నప్పుడు ఏమీ లేదు. గంటన్నర.'

కళ్ళు తెరిచాను. హాల్లో ఎవరో దగ్గారు.

'మొక్కలు లేని గుంట, సిమెంటు పగలగొట్టిన తరవాతి వాన. అయ్యగారు లేచినప్పుడు ఎనిమిది. కూర్చున్నప్పుడు ఏడు. గంటన్నర.' పేజీ తిప్పింది. 'ఇవాళ. లేచినప్పుడు ఎనిమిది. ఇప్పటికి మూడు. అయ్యగారు ఇంకా కూర్చోలేదు.'

వడ్రంగి అన్న ముందుగా నవ్వాడు. ఆ తరవాత హాలంతా. ముందు వరసలో మా ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. గుంటలో 'ముట్టుకోవద్దు' బోర్డు కర్ర మీద అంగుళాల గీతలున్నాయని నాకు అప్పుడు తెలిసింది. కిటికీ పక్కన కూర్చుంటే అవి స్పష్టంగా కనిపిస్తాయి.

నా పేరు ఎందుకు వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది.

ఇన్నాళ్ళూ నాకు ఉత్తరాలు రాసిన మొక్కల పర్యవేక్షకురాలు ఆమే. నేను ఆమె ఉద్యోగానికి ఆమె పేరునే సిఫారసు చేస్తానని ఆమెకే రాశాను. ఎందుకమ్మా దాచావు అన్నాను. ఆమె తల వంచుకునే చెప్పింది. "క్షమించండి అయ్యగారూ. నీరు ఎంతసేపట్లో ఇంకుతుందో వాన పడిన ప్రతిసారీ ఒకేలా కొలవాలి. ఈ నగరంలో వేళకు మొదలై, నిమిషం తేడా లేకుండా సాగేది మీ ప్రసంగం ఒక్కటే. మా ఆఫీసు గడియారం కూడా అంత నిలకడగా నడవదు."

"మరి ఆ రోజు కన్నీళ్ళో?"

"నాలుగు వందల పన్నెండింటికి, అయ్యగారూ."

అయితే నా మాట ఒక్కటి కూడా రాసుకోలేదా అని అడగబోయాను. ఆమె నా మొహంలో చదివినట్టుంది. పుస్తకం మొదటి పేజీ తీసి చూపించింది. అంకెల పైన ఒకే ఒక్క వాక్యం ఉంది. 'మొదటి మనిషికి దేవుడిచ్చిన మొదటి ఉద్యోగం తోటపని.' ఆమె వచ్చిన మొదటి వారం నేనే అన్నానట. నాకు గుర్తులేదు. "కొలతకు వాన పడిన ఆదివారాలు వస్తే సరిపోయేది. వాన లేని ఆదివారాలు దీనికోసం వచ్చాను" అంది.

ఇరవై ఏళ్ళలో నేను కొన్ని లక్షల మాటలు చెప్పి ఉంటాను. ఒకటి వేరు పట్టింది. చాలు నాకు.

ఇప్పుడు అసలు సంగతి. నా షెడ్డులో తొంభై ఎనిమిది పిలకలు తడి గోనెల్లో ఉన్నాయి. రేపు పొద్దున కమిటీ వస్తుంది. అవి నిలబడితే వీధిలో ఇంకో పదకొండు గుంటలు. నిలబడకపోతే గొట్టం, ఆ మెట్ల మీదికి మన మురుగు. ఏరు రేపే బాగుపడిపోతుందని నేను అబద్ధం చెప్పను. ఏళ్ళు పడుతుంది. మా ఇంటావిడను అడిగాను, ఆగుతావా అని. పదకొండేళ్ళు ఆగినదాన్ని, నువ్వు ముందు గునపం ఇటివ్వు అంది. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడే ఆమె గుంటలో దిగింది. పక్కన ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చిన మన సహోదరి ఉంది. ఇద్దరే ఉన్నారు.

ఇట్లు,
మీ గంటన్నర

తా.క.: మబ్బు పడుతోంది. వాన సాయంత్రం అని కబురు పెట్టింది గాని, మధ్యాహ్నానికే వచ్చేలా ఉంది. ఈ ఉత్తరం పక్క గుమ్మానికి అందించి, చేతికి దొరికిన పారో, గరిటో పట్టుకుని గుంట దగ్గరికి రండి. రేపు కాదు, భోజనాలయ్యాక కాదు. రానివాళ్ళ గుమ్మం ముందు నిలబడి ప్రసంగం మొదలుపెడతాను, అది ఎంతసేపో మీకు తెలుసు. లేవండి. ఇవాళే, ఇప్పుడే, చినుకు పడకముందే.